పది రోజుల్లో మడగాస్కర్ అంతానా?

ప్రశ్న: మే నెలలో పది రోజుల సెలవు దొరికింది. భార్య, ఇద్దరు పిల్లలతో మడగాస్కర్ వెళ్లాలని ఉంది. కోతులకు దూరపు చుట్టాలైన లెమూర్లు, బావోబాబ్ చెట్ల దారి, త్సింగీ సూదిరాళ్లు, ఇసాలో కొండలు, చివర్లో ఒక సముద్రతీరం. ఇదీ నా జాబితా. మా పెద్దవాడు సింహాలు కూడా చూడాలంటున్నాడు. ఇవన్నీ కుదురుతాయా?

జవాబు: కుదరవండీ. ముందు పెద్దవాడి సంగతి తేలుద్దాం. మడగాస్కర్‌లో సింహాలు లేవు. ఏనుగులు, జిరాఫీలు, కోతులు కూడా లేవు. ఆఫ్రికా తీరం నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఆ దీవి చిట్టచివరగా విడిపోయింది భారత భూభాగం నుంచి, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట. ఆ తర్వాత ఎప్పుడో సముద్రం మీద తేలుతూ వచ్చి చేరిన కొద్దిపాటి జంతువుల సంతానమే నేటి లెమూర్లు. అక్కడి వేటాడే క్షీరదాల్లో పెద్దది ఫోసా. చూపుకు పిల్లిలా ఉంటుంది, బంధుత్వం మాత్రం ముంగిసతో. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కనుక ఇక్కడ ఆగడం కష్టమే, అయినా ఆగుతాను.

మీ జాబితాలో చోట్లున్నాయి గాని, వాటి మధ్య రోడ్ల లెక్క లేదు. పటంలో ఆఫ్రికా పక్కన చిన్నదిగా కనిపించే ఆ దీవి ఉత్తర దక్షిణాలుగా దాదాపు 1,600 కిలోమీటర్లు. రాజధాని అంటనానరివో నుంచి పడమటి తీరంలోని మొరొండావాకు కారులో వెళ్తే పూర్తిగా ఒక రోజు సరిపోదు. అక్కడి నుంచి త్సింగీ ఉన్న బెకొపాక దాకా రెండు వందల కిలోమీటర్ల మట్టిరోడ్డు, మధ్యలో రెండు నదులను బల్లకట్టు మీద దాటాలి. వానాకాలంలో ఆ దారి మూసుకుపోతుంది. మేలో తెరుచుకుంటే మీ అదృష్టం. చేరాక కూడా, పెద్ద త్సింగీలో నడుముకు తాడు కట్టుకుని సున్నపురాతి మొనల మీద నిచ్చెనలెక్కాలి. పది రోజుల్లో ఇన్ని దూరాలు కుదరవు కనుక త్సింగీ, ఇసాలో రెండూ కొట్టేయండి. సముద్రం ఎలాగూ మొరొండావాలో ఉంది.

మిగిలిన వాటిలో ఎక్కువ రోజులు లెమూర్లకు, అంటే అందాసిబే అడవికి ఇవ్వండి. రాజధానికి తూర్పుగా నూట యాభై కిలోమీటర్లే గాని, ఓడరేవుకు పోయే లారీల వెనక నెమ్మదిగా సాగాలి. లెమూర్లలో అతి పెద్దదైన ఇంద్రీ ఆ వానల అడవిలో ఉంటుంది. నలుపు తెలుపు బొచ్చు, తోక ఉందా అంటే ఉందనిపించేంత పొట్టిది. పొద్దున్నే ఒక కుటుంబం కూత మొదలుపెడితే అవతలి కొండ మీది కుటుంబం అందుకుంటుంది. ఆ ధ్వని రెండు కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ఏ జంతుప్రదర్శనశాలలోనూ ఇంద్రీ బతకలేదు కనుక అది వినాలంటే అక్కడికే పోవాలి. ఒక్క పూటతో సరిపెట్టుకునే పర్యాటకులను చూస్తే నాకు జాలి వేస్తుంది. మంచు పట్టిన ఉదయం అవి నోరు విప్పకపోవచ్చు, కనీసం మూడు రాత్రులు ఉండండి. దక్షిణార్ధగోళం కాబట్టి మే అంటే అక్కడ చలికాలపు మొదలు. పిల్లలకు స్వెట్టర్లు తప్పనిసరి.

తర్వాత వీలైతే విమానంలో మొరొండావా. దేశీయ విమానాల వేళలు మారుతుంటాయి, అందుకని తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు రాజధానిలో ఖాళీగా ఉంచండి. బావోబాబ్ దారికి అందరూ సూర్యాస్తమయానికి పోతారు. మీరు తెల్లవారుజామున వెళ్లండి, ముప్ఫై మీటర్ల చెట్ల కింద ఎడ్లబండ్లు తప్ప ఎవరూ అడ్డురారు. ప్రపంచంలో ఉన్న ఎనిమిది బావోబాబ్ జాతుల్లో ఆరు ఈ దీవిలో తప్ప మరెక్కడా పెరగవు.

ప్రశ్న: ఐ-ఐ అనే జంతువు కనిపిస్తే కీడంటారు. రాత్రి అడవిలోకి వెళ్లి చూడవచ్చా?

జవాబు: కొన్ని పల్లెల్లో ఆ నమ్మకం ఉంది, కనిపిస్తే చంపేసేవారూ ఉన్నారు. పాపం, అది చేసేది పుల్లలాంటి నడివేలితో కొమ్మను తట్టి, లోపల పురుగు తొలిచిన బోలును చెవితో పసిగట్టడమే. జాతీయ పార్కుల్లో చీకటి పడ్డాక ప్రవేశం లేదు. పార్కు పక్క రోడ్డు వెంట, గ్రామస్థులు నడిపే అడవుల్లో గైడుతో రాత్రి నడకలుంటాయి. ఊసరవెల్లులు, చుంచెలుకంత లెమూర్లు కనిపించే అవకాశం ఎక్కువ, ఐ-ఐ కనిపించే అవకాశం బాగా తక్కువ.

ప్రశ్న: లెమూర్‌ను భుజం మీద ఎక్కించుకుని ఫొటో తీసుకోవాలని మా అమ్మాయి ఆశ. ఎక్కడ వీలవుతుంది?

జవాబు: వీలయ్యే చోట్లున్నాయి, నేను చెప్పను. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020 నాటి లెక్కలో 107 లెమూర్ జాతులకు 103 ముప్పులో ఉన్నాయి. వాటిని పెంపుడు జంతువులుగా పట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం, అయినా పట్టేవాళ్లు ఆగడం లేదు. అరటిపండు చూపించి దూకించే లెమూర్ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, జవాబు నచ్చకపోవచ్చు. అంబలవావు దగ్గర గ్రామస్థులే కాపాడుకుంటున్న అంజా అడవి ఉంది. చారల తోక లెమూర్లు అక్కడ బండల మీద ఎండ కాచుకుంటూ చాలా దగ్గరలోనే కూర్చుంటాయి. పార్కు రుసుము, గైడు ఖర్చు వేర్వేరు. రెండూ అక్కడి కరెన్సీ అయిన అరియారీల్లోనే, నగదుగా దగ్గర ఉంచుకోండి.