అమ్మ మీద కోపం ఆలి మీద

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. భార్య, తొమ్మిదేళ్ళ పాప. తాగుడు, పేకాట లేవు. పాత బొమ్మలు సేకరించడం ఒక్కటే నా సరదా. రెండేళ్ళ క్రితం 1984 నాటి ‘బ్యాటిల్ ఆర్మర్ స్కెలిటర్’ కొన్నాను. హీ-మ్యాన్ కార్టూన్‌లో విలన్, పుర్రె మొహం, ఊదారంగు కవచం. అట్టకి అతికించిన ప్లాస్టిక్ కవరు కూడా ఊడని పీసు. హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాను. థాంక్స్‌గివింగ్‌కి షార్లెట్ నుంచి అక్కావాళ్ళు వచ్చారు. బావగారితో బయటికెళ్ళి వచ్చేసరికి ఏడేళ్ళ మేనల్లుడు అట్ట చింపేసి ఆడుకుంటున్నాడు. మా అమ్మే తీసి ఇచ్చిందట. నా భార్య పక్కనే వంటింట్లో ఉంది. ‘ఆయన వచ్చాక అడుగుదాం అత్తయ్యా’ అని ఒక్కసారి అని ఊరుకుందట. గట్టిగా ఆపాల్సిన బాధ్యత తనది కాదా? మూడు వారాలుగా నేను తనతో మాట్లాడటం లేదు. పాలు అయిపోయాయనో, కరెంటు బిల్లు కట్టాననో పాప చేత చెప్పిస్తున్నాను. అక్క వెళ్తూ బొమ్మని కూడా తీసుకెళ్ళింది. తిరిగి పంపమని అడగొచ్చా? నా భార్య చేత తన తప్పు ఒప్పించడం ఎలా?

జవాబు: అక్కని అడగకండి. అట్ట చిరిగింది, ప్లాస్టిక్ కవరు ఊడింది. మీలాంటి సేకర్తకి ఆ సీలే ప్రాణం. అది పోయాక బొమ్మ షార్లెట్‌లో ఉంటేనేం, ఫ్రిస్కోలో ఉంటేనేం? మీ మొదటి ప్రశ్న అయిపోయింది. రెండోదానికి జవాబు ఇంకా చిన్నది. ఆవిడ తప్పు చెయ్యలేదు కాబట్టి ఒప్పించాల్సిందేమీ లేదు.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరం నాలుగు పేజీలు. రెండో పేజీ చివర ఒక మాట రాసి, వెంటనే ‘అది వేరే విషయంలెండి’ అని దాటేశారు. గుంటూరులో నాలుగో క్లాసు చదివేటప్పుడు మీ నాన్నగారు హైదరాబాదు వెళ్ళి లియో కంపెనీవాళ్ళ స్కెలిటర్ తెచ్చారు. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ వచ్చే టైముకి దాన్ని చేత్తో పట్టుకునే కూర్చునేవారట మీరు. దసరా సెలవులకి పెద్దమ్మ కొడుకు వచ్చి దానికోసం ఏడిస్తే మీ అమ్మగారు మీ చేతిలోంచి తీసి వాడికిచ్చేశారు. ‘నువ్వు పెద్దాడివి కదరా’ అన్నారు. అప్పుడు మీకెన్నేళ్ళు, తొమ్మిదా? ఇప్పుడు మీ పాప వయసు.

అది వేరే విషయం కాదు బాబూ, అసలు విషయమే అది.

మీకు కోపం మీ అమ్మగారి మీద. ఆవిడ్ని ఒక్క మాట అనలేరు. నాన్నగారు పోయాక ఇదే మొదటిసారి రావడం అంటున్నారు. జనవరి 15కి తిరుగు ప్రయాణం. ఉన్న నాలుగు రోజులూ సంతోషంగా ఉంచాలని మీ తాపత్రయం. ఆ సంగతి నాకర్థమవుతుంది. కానీ లోపల పెట్టుకున్న కోపం ఊరికే ఉండదు. అందుకే తిరిగి ఒక్క మాట అనని మనిషి మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద అని మన సామెత. మీ ఇంట్లో అమ్మ మీది కోపానికి ఆలి దొరికింది.

ఆరోజు మీ వంటింటి సంగతి మీ రాతలోనే ఉంది. ఆడపడుచు వచ్చిందని మీ ఆవిడ గారెలు వేస్తోంది. పొయ్యి మీద నూనె కాగుతోంది, చేతులకి పిండి. అత్తగారు కుర్చీ జరుపుకుని బీరువా తీస్తున్నారు, పిల్లాడు గంతులేస్తున్నాడు, ఆడపడుచు సోఫాలో కూర్చుని చూస్తోంది. ఆ క్షణాన కోడలు పిండి చేతులతో వెళ్ళి బొమ్మ లాక్కుంటే ఏమయ్యేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘మేనల్లుడికి ఒక బొమ్మ ఇవ్వడానికి కూడా మనసు రాలేదు’ అనే మాట షార్లెట్ నుంచి గుంటూరు దాకా పాకేది. సాయంత్రానికి మీరే వచ్చి ‘మా అమ్మ చేతిలోంచి లాక్కుంటావా’ అని ఉండేవారు. కాదంటారా? ఆవిడ ఒక్కసారైనా ‘ఆయన వచ్చాక అడుగుదాం అత్తయ్యా’ అంది. 44 ఏళ్ళలో మీరు మీ అమ్మగారితో ఆమాత్రం కూడా అనలేదు.

పైగా మీరు ఆవిడకి చెప్పింది నలభై డాలర్లని. నిజంగా పెట్టింది దానికి పదింతలకి పైనే. (ఆ ముక్క ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో రాశారు. నా కళ్ళజోడు మంచిదే.) నలభై డాలర్ల బొమ్మ కోసం అత్తగారితో తగువు పెట్టుకునే కోడలు లోకంలో ఎక్కడుంటుందండీ? ధర దాచింది మీరు, కాపలా కాయలేదని కోపం ఆవిడ మీద!

అమెరికా నుంచి అత్తాకోడళ్ళ గొడవ అని నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి అడుగున తల్లీకొడుకుల లెక్కలే ఉంటాయి. కొడుకు చెప్పుకోవాల్సిన మాట కోడలి నోట్లో పెట్టి తను పక్కకి తప్పుకుంటాడు. చెడ్డపేరు ఆ అమ్మాయికి, మంచి కొడుకన్న పేరు ఇతనికి. నాకిది అస్సలు గిట్టదు. తల్లికి ఎదురు చెప్పకపోవడం గౌరవమే కావచ్చు. ఆ గౌరవానికయ్యే ఖర్చు భార్య చేత కట్టించుకోవడం గౌరవం కాదు.

ఆ బొమ్మ పనితనం గురించి మీరే ఒక పేజీ రాశారు. ఛాతీలో చిన్న చక్రం ఉంటుందట. ఒకసారి కొడితే కవచం మీద ఒక గాటు, మళ్ళీ కొడితే రెండు గాట్లు, వేలితో తిప్పితే మళ్ళీ నున్నటి కవచం. నాకది చదువుతుంటే మీరే కనిపించారు. తగిలిన రెండు గాట్లూ మీ ఆవిడకి చూపిస్తారు. అమ్మగారి ముందుకెళ్ళేసరికి గిర్రున తిప్పేసి ‘ఏం లేదమ్మా, కాఫీ తాగుతావా’ అంటారు. ఆవిడకెలా తెలుస్తుంది చెప్పండి, మీకు దెబ్బ తగిలిందని? తొమ్మిదేళ్ళప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. కొడుకు నవ్వుతున్నాడు కాబట్టి తను చేసింది సబబేననుకుంటోంది ఆ తల్లి. ఆవిడ్ని నేను తప్పు పట్టను. ఉన్నది పిల్లలందరికీ పంచిపెట్టి పెంచినావిడ. ఇంట్లో ఒక వస్తువు ఒక్కడిదే అవుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి చెప్పండి. మీ ఆవిడ ముందు మాత్రం వద్దు. ఆ అమ్మాయే ఎక్కించి చెప్పించిందనుకుంటారు. శనివారం అమ్మగారిని గుడికి తీసుకెళ్ళేటప్పుడు కారులో చెప్పండి. దారి మీద చూపు ఉంటుంది కాబట్టి మొహాలు చూసుకోనక్కర్లేదు, మగపిల్లలకి అలా సులువు. ‘అమ్మా, ఆ బొమ్మ నాకు చాలా ఇష్టం. నన్నడక్కుండా ఇచ్చేశావు, నాకు బాధేసింది. చిన్నప్పుడూ అలాగే ఇచ్చేశావు’ అంటే చాలు. ధర చెప్పొద్దు. డబ్బు మాటెత్తితే ఆవిడకి అదొక్కటే మిగులుతుంది, ‘ఎంతైతే అంత ఇచ్చేస్తాలేరా’ అంటారు. ఆవిడ ఏడవొచ్చు. ‘బొమ్మ కోసం తల్లిని ఇన్ని మాటలంటావా’ అనొచ్చు. అన్నా కంగారుపడి ‘పోన్లే అమ్మా’ అనెయ్యకండి. రెండు నిమిషాలు ఊరుకోండి. ఆవిడ తట్టుకోగలరు. మీ నాన్నగారు పోయిన దుఃఖాన్నే తట్టుకుని ఒంటరిగా అంత దూరం విమానంలో వచ్చినావిడ.

పాప విషయంలో నాకు నిజంగానే కోపం వచ్చింది. అమ్మానాన్నల మధ్య కబుర్లు మోసే పని తొమ్మిదేళ్ళ పిల్లకి అప్పజెప్పారు. మీ ఇంట్లో ఇప్పుడు ఎవరికి కోపమొస్తే ఎవరితో మాట్లాడకూడదో ఆ పిల్ల పాఠంలా నేర్చుకుంటోంది. దాన్ని ఈ రోజే ఆపండి.

మేనల్లుడి వీడియో అక్క పంపితే పదకొండుసార్లు చూశానని రాశారు. అందులో వాడు ఛాతీ మీద టప్పున కొడుతుంటే గాట్లు పడుతున్నాయట, నడుం తిప్పి వదిలితే స్కెలిటర్ గిర్రున తిరిగి పిడికిలితో గుద్దుతున్నాడట. నలభై ఏళ్ళ నాటి స్ప్రింగు ఇంకా పనిచేస్తోందని రాసిన వాక్యం చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. కోపంతో అయితే రెండుసార్లు చూస్తారు. పదకొండోసారి ఎందుకు చూశారో మీకే తెలియాలి. వాడి మీద మీకు కోపం లేదు. ఉంచుకోనివ్వండి. మీకు ఇంకోటి కావాలంటే కొనుక్కోండి, ఈసారి అసలు ధర మీ ఆవిడకి చెప్పి కొనండి. బీరువాకి తాళం కూడా వేయించండి, తప్పేం లేదు.

ఇవన్నీ శనివారం సంగతులు. ఈ ఉత్తరం చదివి పక్కన పెట్టాక కిందికి దిగి, ఫ్రిజ్‌లో పాలున్నాయో లేవో మీ ఆవిడనే అడగండి.