మేనరికమా అని అడిగితే దాచకు

చెల్లీ, పర్లాకిమిడి నుంచి న్యూజెర్సీ వచ్చి మూడు నెలలే అయిందని, కడుపుతో ఉన్నానని, వచ్చే మంగళవారం డాక్టర్ దగ్గర మొదటి విజిట్ అని, ఏమేం పరీక్షలు చేస్తారోనని టెన్షన్‌గా ఉందని రాశావు. మాదీ ఒడిశానే, రాయగడ. ఇదే భయం నేనూ పడ్డాను.

రక్తం ఒకేసారి నాలుగైదు ట్యూబులు తీస్తారు, చూసి కంగారుపడకు. బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, రుబెల్లా, హెపటైటిస్, సిఫిలిస్, హెచ్ఐవీ అన్నీ వాటిలోనే చూస్తారు. హెచ్ఐవీ పేరు చూసి ‘నన్ను అనుమానించారా’ అని ఏడ్చిన అమ్మాయి నాకు తెలుసు. అది గర్భిణులందరికీ చేసేదే. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమోనని కల్చర్‌కి పంపుతారు. ఎనిమిదో వారం కాబట్టి స్కాన్ పొట్ట మీద కాకుండా యోని లోపలి నుంచి చేయొచ్చు, ముందే తెలిసి ఉంటే ఉలిక్కిపడవు. టీబీ పరీక్ష చేస్తామంటే, చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారని చెప్పి రక్తపరీక్షే అడుగు. బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. నింపమని ఇచ్చే ఫారంలో ‘మీకూ బిడ్డ తండ్రికీ రక్తసంబంధం ఉందా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. నేను చేసుకున్నది మా మేనబావనే. రాయగడలో మా పక్కింటి ఒడియా వాళ్ళకి మేనరికాలు లేవు, ‘బావనా?’ అని వాళ్ళు ఆశ్చర్యపోతుంటే చిన్నప్పటి నుంచీ సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గుతోనే ‘లేదు’ అని టిక్కు పెట్టాను.

వారం తర్వాత నర్సు ఫోన్ చేసింది. నేను బీటా తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకి క్యారియర్‌ని అట, అంటే ఆ లోపపు జన్యువు నాలో ఉందన్నమాట. అమ్మకి చెబితే, ‘నీకు చిన్నప్పట్నుంచీ రక్తం తక్కువే కదమ్మా’ అంది. రోజూ పొద్దున్నే స్టీలు గ్లాసుతో చోడి అంబలి, వారానికి రెండుసార్లు మునగాకు, ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు. అసలు కారణం ఐరన్ కాదని ఇరవై తొమ్మిదేళ్ళకి తెలిసింది. క్యారియర్‌కి జబ్బు ఉన్నట్టు కాదు. కానీ భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు నర్సుకి నిజం చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, వెంటనే మా ఆయన్ని రక్తపరీక్షకి పిలిచింది. తొమ్మిదో రోజున రిపోర్టు వచ్చేవరకూ నాకు అన్నం సయించలేదు. ఆయనకి లేదని తేలింది.

మన వైపు, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు కూడా, సికిల్ సెల్ అనే మరో వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ. అది ఆదివాసీలకే వస్తుందని మనవాళ్ళు అనుకుంటారు, కాదు. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షలో సికిల్ సెల్, బీటా తలసేమియా రెండూ బయటపడతాయి. గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తామని చెప్పాలని 2022 నుంచి ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం అంటోంది. అయినా నీ లిస్టులో ఉందో లేదో నువ్వే అడుగు. పదో వారం నుంచి తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ అనే పరీక్ష మామూలుగా చూసేది బిడ్డ క్రోమోజోముల లోపాలనే. అది బాగుందంటే తలసేమియా లేదని కాదు. అందులో ఆడో మగో కూడా చెప్పేస్తారు, అక్కర్లేదనుకుంటే ముందే చెప్పు.

మంగళవారం లోపు ఊరికి ఫోన్ చేసి అమ్మని, అత్తగారిని అడుగు: ఇంట్లో ఎవరికైనా తరచూ రక్తం ఎక్కించారా, పసిపిల్లలెవరైనా పోయారా, 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ పరీక్షల్లో ఎవరికైనా కార్డు ఇచ్చారా అని. ఉంటే వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకో. ఇంగ్లీషులో ఇబ్బందైతే అపాయింట్‌మెంట్‌కి ముందే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పు, ఫోన్‌లో కలుపుతారు, నీ దగ్గర డబ్బు తీసుకోరు. మీ ఆయన్ని ఆ పూటకి సెలవు పెట్టమను.