సి అండ్ ఎం స్టేషన్ ఇల్లు, 23వ పటాలం కాగితం

ప్రశ్న: మా ముత్తాతగారివి రెండు కాగితాలు దొరికాయి. 1893 నాటి డిశ్చార్జి కాగితంలో '23వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫంట్రీ, మద్రాసు' అని ఉంది. 1912 నాటి ఇంటి క్రయపత్రంలో 'సి అండ్ ఎం స్టేషన్, అల్సూరు' అని ఉంది. వివరాల కోసం చెన్నై ఆర్కైవ్స్‌కు వెళ్లాలా? ఇంట్లో అందరూ ఆయనది 83వ పటాలం అనేవారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చెన్నై రైలెక్కకండి. ముందు రెండు కాగితాలనూ విడదీసి చూడండి.

'ఎం' అంటే మద్రాసు అని చాలామంది పొరపడతారు. అది 'మిలిటరీ'. టిప్పు పతనం తర్వాత శ్రీరంగపట్నంలో ఉన్న దళాలు అక్కడి జ్వరాలకు తాళలేకపోతే, 1809లో వాటిని బెంగళూరుకు తెచ్చి అల్సూరు దగ్గర దండు వేశారు. 1831లో మైసూరు పాలన ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1881లో రాజ్యాన్ని చామరాజేంద్ర ఒడయరుకు తిరిగి అప్పగించినా, దండు ప్రాంతాన్ని మాత్రం వాళ్లే అట్టిపెట్టుకున్నారు. అదే సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్. దాని పాలన మద్రాసు గవర్నరుది కాదు, మైసూరులోని బ్రిటిష్ రెసిడెంటుది (ఇంగ్లీషు ప్రభుత్వ ప్రతినిధి). 1947 జూలై 26న గానీ అది మైసూరుకు తిరిగి రాలేదు.

అందువల్ల క్రయపత్రం నకలు కోసం బెంగళూరు రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోనే అడగాలి. అర్జీలో 'సివిల్ స్టేషన్' అని తప్పకుండా రాయండి. లేకపోతే పేట (పాత బెంగళూరు ఊరు) వైపు పుస్తకాలు తిరగేసి 'లేదు' అనేస్తారు. దండుకూ పేటకూ 1862 నుంచి వేర్వేరు మునిసిపాలిటీలు. అవి కలిసి కార్పొరేషన్ అయింది 1949లో. వీధి పేర్లు, ఇంటి నంబర్లు ఆ తర్వాత మారిపోయి ఉంటాయి కనుక పాత నంబరుతో పాటు నాలుగు హద్దులూ (ఇక్కడివాళ్లు చెక్కుబందీ అంటారు) ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయండి. రెసిడెన్సీ పాలనా దస్త్రాలు కావాలంటే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌కు రాయాలి.

ఇక పటాలం. మీ ఇంట్లోవాళ్లదీ నిజమే, కాగితానిదీ నిజమే. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాలను (బెంగాల్, మద్రాసు, బొంబాయిలకు విడివిడిగా ఉన్నవి) ఒక్కటి చేశారు. 1903లో సైన్యాధిపతి కిచెనర్ హయాంలో నంబర్లు మార్చినప్పుడు మద్రాసు కాల్బలం నంబర్లకు 60 కలిపారు. 3 కాస్తా 63, 13 కాస్తా 73, మీ 23 కాస్తా 83 అయ్యాయి. గుర్రపు దళాలకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ 1, 2, 3 నంబర్లు 26, 27, 28 అయ్యాయి. పేరును బట్టి కూడా పోల్చుకోలేం: 2వ మద్రాసు పటాలం '62వ పంజాబీస్' అయిపోయింది. 1893లో విరమించిన మనిషికి మాత్రం 23 అనే వెతకాలి.

లండన్‌లో ఉన్న పాత సైనిక జాబితాల్లో ఎక్కువగా తెల్ల సైనికుల పేర్లే. మన సిపాయిల సొంత కాగితాలు మిగలడం చాలా అరుదు. మీ దగ్గరున్న డిశ్చార్జి కాగితమే పెద్ద ఆధారం, దాన్ని లామినేషన్ చేయించకండి. అందులో ఊరి పేరు గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పైకి చదివి, పక్కనున్న తాలూకా పేరుతో సరిచూసుకోండి.