కాగితం మీది, మాటలు ఆయనవి

ప్రశ్న: గుంటూరులో కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నాం. హాల్లో సీనరీలు కాకుండా పాతకాలపు ఉత్తరాల పోస్టర్లు పెట్టుకోవాలని నా కోరిక. గాంధీ, టాగూర్ ఉత్తరాల కాపీలు నెట్‌లో దొరికాయి. వాటితో పాటు ఒక పేరున్న రచయిత 1958లో మా తాతగారికి స్వయంగా రాసిన రెండు పేజీల ఉత్తరం మా బీరువాలో ఉంది. దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి మధ్యలో పెట్టాలనుకుంటున్నాం. ఆ రచయిత 1980లలో పోయారు. ఆ ఉత్తరం ఎక్కడా అచ్చు కాలేదు. చూసినవాళ్లు మాకూ కావాలంటున్నారు, ఇన్‌స్టాలో అమ్మితే పోలా అని మావారు అంటున్నారు. కాపీరైట్ సమస్య వస్తుందా? డాలస్‌లో ఉన్న మా తమ్ముడు అసలు ఉత్తరమే తనకు కావాలంటున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఇంటి గోడ వరకూ టెన్షన్ అక్కర్లేదమ్మా. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 సొంత వాడకానికి తగుమాత్రంగా కాపీ తీసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. పోస్టర్ పెట్టుకున్నందుకు నోటీసు వచ్చిందని ఇంతవరకూ నా దగ్గరికి ఎవరూ రాలేదు. దాని కోసం గోడకు మేకు కొట్టి ఓనరుతో గొడవ తెచ్చుకున్న అద్దెదార్లు మాత్రం వచ్చారు. మీది సొంత ఫ్లాటే కాబట్టి ఆ బాధ కూడా లేదు.

చిక్కంతా అమ్మకంలో ఉంది. అందులోనూ మీ తాతగారి ఉత్తరంతో.

ఉత్తరం మన బీరువాలో ఉంది కాబట్టి సర్వహక్కులూ మనవే అనుకుంటాం. సహజమే. కానీ ఉత్తరానికి ఇద్దరు యజమానులు ఉంటారు. కాగితం అందుకున్నవారిది, అందులోని మాటలు రాసినవారివి. ఇది నిన్నమొన్నటి సూత్రం కాదు. అలెగ్జాండర్ పోప్ అనే ఇంగ్లిష్ కవి ఉత్తరాలను కర్ల్ అనే ప్రచురణకర్త ఆయన అనుమతి లేకుండా అచ్చేస్తే, 1741లో లండన్ కోర్టు తేల్చిన సంగతి ఇదే. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద సొత్తు హక్కు ఉంటుంది గానీ దాన్ని లోకానికి ప్రకటించే హక్కు రాదంది. మన చట్టంలోనూ ఉత్తరం సాహిత్య రచన కిందికే వస్తుంది, హక్కు రాసినవారికి, వారి తరువాత వారసులకు ఉంటుంది.

ఎంతకాలం? మామూలు లెక్క అందరికీ తెలిసిందే. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. అయితే ఆ లెక్క ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు. మీ ఉత్తరం అచ్చు కాలేదన్నారు. అలాంటివాటికి సెక్షన్ 24 వర్తిస్తుంది. తొలిసారి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కేయాలి. అచ్చే కాకపోతే లెక్క మొదలే కాదు! పాతదయ్యేకొద్దీ హక్కు పోతుందనుకుంటాం గానీ, బీరువాలో పడి ఉన్న ఉత్తరానికి మాత్రం హక్కు చావదు. ఈ సెక్షన్ మార్చాల్సిందేనని నా అభిప్రాయం. మారేదాకా మాత్రం పాటించాలి.

కాబట్టి ఆ పోస్టర్ అమ్మాలంటే రచయిత వారసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఫోన్‌లో ‘అలాగే కానివ్వండమ్మా’ అన్న మాట చాలదు. కాగితం మీద ఎన్నేళ్లకో, ఎక్కడెక్కడ అమ్మడానికో స్పష్టంగా ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది. ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అప్పుడు మీ తమ్ముడి స్నేహితులకు డాలస్‌లో అమ్మినా అనుమతి లేనట్టే లెక్క. సంతకాల ముందు ఆ రెండు పేజీలూ మరోసారి చదవండి. పాత ఉత్తరాల్లో ఎవరో ఒకరి ఇంటి గుట్లు ఉండటం మామూలే.

అనుమతి లేకుండా తెలిసి అమ్మితే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. మీ కేసు అంతదూరం వెళ్తుందని నేననుకోను. కానీ నష్టపరిహారం అడుగుతూ నోటీసు రావడానికి పది పోస్టర్లు అమ్మినా చాలు.

టాగూర్ సంగతి తేలిక. జలియన్‌వాలాబాగ్ దారుణం తరువాత సర్ బిరుదు వదులుకుంటూ 1919 మే నెలాఖరున ఆయన వైస్రాయ్‌కి రాసిన ఉత్తరం అప్పుడే పత్రికల్లో వచ్చింది. టాగూర్ 1941లో పోయారు. అప్పటి 50 ఏళ్ల గడువు ప్రకారం ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయానికి ఆయన రచనలపై ఉన్న హక్కులు 1991 డిసెంబర్ 31తో ముగియాలి. సరిగ్గా మూడు రోజుల ముందు, డిసెంబర్ 28 నుంచి అమలయ్యేలా గడువును 60 ఏళ్లకు పెంచారు. మనందరికీ ఈ 60 ఏళ్ల లెక్క అలా వచ్చిందే. ఆ పదేళ్లూ 2001తో అయిపోయాయి. ఇప్పుడు ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

గాంధీ విషయంలో కాస్త చూసుకోవాలి. ఆయన బతికుండగా అచ్చయినవి 2009 జనవరి 1 నుంచి అందరివీ. కానీ ఆయన పోయాక తొలిసారి అచ్చయిన ఉత్తరాలు ఎన్నో ఉన్నాయి, వాటికి మళ్లీ సెక్షన్ 24 లెక్కే. సంపూర్ణ రచనల సంపుటాలు రావడం మొదలైందే 1958లో, చివరివి 1990లలో వచ్చాయి. అందుకే మీరు ఎంచుకున్న ఉత్తరం మొదట ఎప్పుడు అచ్చయిందో చూసి గానీ అమ్మకానికి పెట్టకండి. ఇంకో మాట. ‘గాంధీ ప్రింట్స్’ లాంటి పేరు మీ వ్యాపారానికి పెట్టొద్దు. కేంద్రం అనుమతి లేకుండా వ్యాపారానికి ఆయన పేరు, బొమ్మ వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధిస్తోంది.

నెట్‌లో దొరికిన స్కాన్‌పై ఏదైనా మ్యూజియం వాటర్‌మార్క్ ఉంటే చెరిపించకండి. ప్రింటింగ్ షాపులో కుర్రాడు రెండు నిమిషాల్లో తీసేస్తాడు, నిజమే. కానీ హక్కుదారు వివరాలను కావాలని తొలగించడం సెక్షన్ 65బి కింద విడిగా నేరం.

ఇక డాలస్. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే 1972 నాటి చట్టం ప్రకారం అది పురావస్తువు. వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. మీ ఉత్తరానికి 2033లో 75 నిండుతాయి. ఆలోపు ఇవ్వడానికి ఈ చట్టం అడ్డు రాదు గానీ, తీరా 2035లో తమ్ముడు దాన్ని ఒకసారి ఇండియా తెస్తే తిరిగి తీసుకెళ్లడం కష్టం. పైగా తాతగారు వీలునామా రాయకుండా పోయుంటే ఆ కాగితంలో ఆయన పిల్లలందరికీ, అంటే మీ మేనత్తలకూ వాటా ఉంటుంది. వాళ్లను అడిగారా?