మొదటిసారి నాయిస్ రాక్ వినబోతున్న మేనకోడలికి

చిరంజీవి హారికకు మావయ్య దీవెనలు.

గిటార్ల గోలని కూడా సంగీతంగా వాడుకునే నాయిస్ రాక్‌లో ఆల్బమ్ ఒకటి మొదటినుంచి చివరిదాకా విని చూస్తానన్నావు, ఏది వినాలో చెప్పమన్నావు. అమెరికా బ్యాండ్ సోనిక్ యూత్ వాళ్ల ‘డేడ్రీమ్ నేషన్’ విను. 1988 అక్టోబర్‌లో డబుల్ ఎల్పీగా, అంటే రెండు పెద్ద గ్రామఫోను రికార్డులుగా వచ్చింది, నిడివి సుమారు 70 నిమిషాలు. ఇంతకంటే కటువైనవి ఈ తరహాలో బోలెడున్నాయి. కానీ ఇందులో పాటా ఉంది, గోలా ఉంది, పాట ఎక్కడ గోలలోకి జారిందో, మళ్లీ ఎక్కడ ఒడ్డుకొచ్చిందో కొత్త చెవికి కూడా దొరుకుతుంది. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ జారడాన్ని పట్టుకోవడమే. అమెరికా రాక్ గాయకుడు లూ రీడ్ 1975లో తెచ్చిన ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’తో మొదలుపెట్టమని గొప్పకి సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. అందులో రెండు రికార్డుల నాలుగు పక్కలా గిటార్ ఫీడ్‌బ్యాక్ కూతలే. డ్రమ్స్ లేవు, గొంతు లేదు. ఈత రానివాణ్ణి నడిగోదాట్లోకి తోసినట్టే. దాని సంగతి తర్వాత.

ముందు సరైన కాపీ చూసుకో. 2007లో డీలక్స్ ఎడిషన్ ఒకటి వచ్చింది. అందులో అసలు ఆల్బమ్ అయిపోయాక డెమో, లైవ్ రికార్డింగులు, వేరేవాళ్ల పాటలు కూడా కలిపారు. యాప్‌లో నీకు అదే కనబడితే అసలు ఆల్బమ్‌లో చివరిదైన ‘ట్రిలజీ’ అయిపోగానే ఆపెయ్. షఫుల్ తీసెయ్. ఒక పాట తోకని ఇంకో పాట తలకి అతికించే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ తీసెయ్. ఆల్బమ్ అయిపోగానే యాప్ తనకు తోచింది మొదలుపెట్టే ఆటోప్లే కూడా. డేటా సేవర్ మాత్రం తప్పకుండా ఆపాలి. మామూలు పాటని చిన్న సైజుకి నొక్కినా చెవి సర్దుకుపోతుంది, గోలని నొక్కితే కుదరదు. ఒక క్రమంలో తిరిగి వచ్చేదాన్ని కుదించడం తేలిక. డ్రమ్స్ పక్కనుండే సింబల్స్ పళ్లాల మోతలో, గిటార్‌ని కావాలని బరబరలాడించే డిస్టార్షన్‌లో ఏ క్షణమూ ముందు క్షణంలా ఉండదు, అందుకే అలా నొక్కినప్పుడు అవి నీళ్లలో ముంచి తీసినట్టు గుడగుడలాడతాయి. అది విని ఈ బ్యాండే ఇంత అనుకుంటే వాళ్లకి అన్యాయం చేసినట్టు.

ఫోన్ స్పీకర్లో వినొద్దు. దాంట్లో కింది స్వరాలు దాదాపు పలకవు, బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ మాయమై పైన గరగర మాత్రం మిగులుతుంది. ఈ సంగీతం తలనొప్పి అనేవాళ్లలో సగంమందికి కారణం ఇదే అయుంటుంది. ఓ మోస్తరు వైర్ ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వాటి రబ్బరు మూతలు నీ చెవికి సరిపోయేవి పెట్టుకో, వదులైతే బేస్ అంతా బయటికి పోతుంది. ఈక్వలైజర్ ఆపెయ్, బేస్ బూస్ట్ ముట్టుకోకు. రెండు స్పీకర్లు దొరికితే వాటికీ నీకూ మధ్య ఐదారు అడుగుల దూరంలో, ముగ్గురూ త్రిభుజం మూలల్లో కూర్చున్నట్టు కూర్చో. హాస్టల్ గదిలో సీలింగ్ ఫ్యాన్ గంటసేపు ఆపగలిగితే ఆపు. ఫ్యాన్ హోరు కూడా ఒక రకం నాయిసే, ఆ హోరు వెనకాల ఈ ఆల్బమ్‌లోని సన్నటి శబ్దాలన్నీ దాక్కుంటాయి.

వాల్యూమ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మొదటి పాట ‘టీన్ ఏజ్ రయట్’ మెల్లగా మొదలవుతుంది. బ్యాండ్‌లో బేస్ వాయించే కిమ్ గోర్డన్ గొంతు గుసగుసలా వస్తుంది, గిటార్ కూడా మంద్రంగానే ఉంటుంది. సరిగా వినబడట్లేదని వాల్యూమ్ పెంచుతారు. నిమిషం దాటాక డ్రమ్స్ వచ్చి పడతాయి, రెండో పాటకల్లా చెవులు హోరెత్తి ఇయర్‌ఫోన్లు పీకేస్తారు. నువ్వు తిరగేసి చెయ్. ముందు రెండో పాట ‘సిల్వర్ రాకెట్’ మధ్యలోకి వెళ్లు, గోల పతాకస్థాయిలో ఉన్నచోట ఇబ్బంది లేకుండా వినగలిగేలా వాల్యూమ్ పెట్టు. తర్వాత మొదటి పాటకి తిరిగొచ్చి, ఇక ఆ బటన్ జోలికి వెళ్లకు.

చెవుల లెక్క కూడా చెప్తాను. 85 డెసిబెల్స్ మోత రోజుకి 8 గంటలదాకా పర్వాలేదని పని ప్రదేశాల భద్రత చూసేవాళ్ల లెక్క. అక్కణ్ణించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. ఈ ఆల్బమ్ గంట దాటుతుంది, ఇయర్‌ఫోన్లని చివరికంటా పెంచితే 100 కూడా దాటగలవు. విన్నాక చెవిలో గుయ్‌మన్నా, దూది పెట్టినట్టున్నా ఎక్కువ పెట్టావన్నమాట, ఒకట్రెండు రోజులు చెవులకి సెలవివ్వు. గోలగా ఉండాలి కదా అని చెవులు పగిలేలా పెట్టుకోనక్కర్లేదు. అలాగని మరీ తగ్గించినా నష్టమే. చిన్న శబ్దంలో మన చెవికి బేస్ సరిగా ఆనదు, మళ్లీ గరగరే మిగులుతుంది.

ఇప్పుడు ఆ గోల ఏమిటో తెలుసుకో. అదేదో పొరపాటుగా వచ్చింది కాదు. గిటార్ తీగ కదలికని తీగల కిందుండే పికప్ పట్టుకుని, శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌కి పంపుతుంది, అక్కడి స్పీకర్ మోత మళ్లీ అదే తీగని కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ ఆంప్‌లోకి. ఫీడ్‌బ్యాక్ అనే ఈ చక్రం తిరుగుతున్నంతసేపూ తీగని మీటకపోయినా స్వరం ఆగదు. వాయించేవాడు ఆంప్ వైపు అడుగు వేసినా, పక్కకి తిరిగినా ఆ స్వరం మారుతుంది. అంటే ఒంటితో వాయించే వాద్యం అది. ఇక శ్రుతి. మామూలు గిటార్ ఆరు తీగలూ వరసగా ఇ ఎ డి జి బి ఇ స్వరాలకి కడతారు. ‘టీన్ ఏజ్ రయట్’కి బ్యాండ్ గిటారిస్టు థర్స్‌టన్ మూర్ తీగలు జి ఎ బి డి ఇ జి. వీళ్లు పాటకొక శ్రుతి పెట్టుకునేవాళ్లు, అందుకే కచేరీకి గిటార్లు గుట్టగా మోసుకెళ్లేవాళ్లు. 1999లో కాలిఫోర్నియాలో వాళ్ల సామాన్ల లారీ దొంగల పాలైనప్పుడు కొత్త గిటార్లు కొంటే తీరే నష్టం కాలేదు, ఏళ్లతరబడి ఒక్కో పాటకని మార్చుకుంటూ వచ్చిన వాద్యాలు పోయాయి. దగ్గరదగ్గర స్వరాలకి కట్టిన రెండు తీగలు కలిసి మోగితే ఓ అల పుడుతుంది. ఒకటి సెకనుకి 220 సార్లు, ఇంకోటి 223 సార్లు కంపిస్తే సెకనుకి మూడు ఊపులు వినబడతాయి. గోల మధ్యలో ‘వావ్ వావ్’ అని తేలే ఊపు అదే.

నీకిది మరీ కొత్తేం కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు దూరుస్తారు చూడు, ఆ పోగు వల్లే ఒట్టి ‘టంగ్’ కాస్తా ‘జుమ్మ్’ అవుతుంది, తీగలో దాగిన పై స్వరాలన్నీ పైకి తేలతాయి. సోనిక్ యూత్ వాళ్లు మొదటి రోజుల్లో తీగల కింద స్క్రూడ్రైవర్, డ్రమ్ము పుల్ల దూర్చింది కూడా తీగ చేత మామూలుగా పలకనిది పలికించడానికే. పోలిక ఇంతవరకే. ఆ జుమ్మ్ పాటని మోసే నేల, ఈ గోల చాలాసార్లు ఆ నేలనే కదిపేస్తుంది.

వినేటప్పుడు చెవి అలవాటు కొద్దీ గొంతుని వెతుక్కుంటుంది. సినిమా పాటలు మనకి నేర్పింది అదే, పాడేవాళ్లు ముందు, మిగతావాళ్లంతా వెనక. ఇక్కడ గొంతు గిటార్ల మధ్య సగం మునిగి ఉంటుంది, కావాలనే. లిరిక్స్ తెరిచి పెట్టుకోకు. కన్ను ముందు పరిగెడితే చెవి వెనకబడుతుంది. ముందుగా డ్రమ్స్ పట్టుకో. స్టీవ్ షెల్లీ వాయింపు నిదానమైంది, గిటార్లు ఎంత చిందరవందరైనా చాలాచోట్ల తాళం తప్పదు. కాలితో తాళం వెయ్. తాళం దొరికాక మూర్, రెండో గిటారిస్టు లీ రనాల్డో గిటార్లని విడదీయడానికి చూడు. ఎడమ ఇయర్‌ఫోన్ తీసి పది సెకన్లు, కుడిది తీసి పది సెకన్లు వింటే ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. ఇద్దరూ న్యూయార్క్ సంగీతకారుడు గ్లెన్ బ్రాంకా గిటార్ బృందాల్లో వాయించినవాళ్లు. ఒకడు పాట, ఇంకొకడు తోడు అన్న లెక్క వాళ్లకి లేదు.

70 నిమిషాలూ ఒక్క గుక్కలో తాగొద్దు. ఎల్పీలో నాలుగు పక్కలు, ఒక్కోటీ 17, 18 నిమిషాలు. పక్క తిప్పడానికి లేవాల్సిందే, ఆ విరామం రికార్డే ఇస్తుంది. నువ్వూ అలాగే ప్రతి మూడు నాలుగు పాటలకీ ఐదు నిమిషాలు ఆగి మంచినీళ్లు తాగిరా. మొదటి పక్క ‘ది స్ప్రాల్’తో ముగుస్తుంది. రెండోది ‘క్రాస్ ద బ్రీజ్’ నుంచి ‘టోటల్ ట్రాష్’ వరకు, మూడోది ‘హే జోనీ’ నుంచి ‘రెయిన్ కింగ్’ వరకు, మిగిలింది నాలుగోది.

మొదటి పక్కలో ఎక్కువ శ్రద్ధ ‘సిల్వర్ రాకెట్’ మీద పెట్టు. నాలుగు నిమిషాలు కూడా లేని పాట, కానీ మొత్తం ఆల్బమ్ కీలకం అందులోనే ఉంది. గట్టి రిఫ్, అంటే మళ్లీమళ్లీ వచ్చే గిటార్ ముక్క, తర్వాత పాట, ఆ తర్వాత తాళం జారిపోయి అంతా గోల. అక్కడ భరించడానికి పళ్లు బిగించకు. ఆ గోలలో మళ్లీ తాళం ఏ క్షణాన తలెత్తుతుందో కాచుకుని విను. అది తిరిగొచ్చేసరికి అదే రిఫ్ ఇందాకటికంటే పెద్దదిగా వినిపిస్తే నాయిస్ రాక్ నీకు అందినట్టే. ‘ది స్ప్రాల్’ చివరి నిమిషాలు గొంతు లేకుండా తేలిపోతాయి, అక్కడ ఊపిరి పీల్చుకో. ‘టోటల్ ట్రాష్’ కూడా ‘సిల్వర్ రాకెట్’ బాటే, కాకపోతే కూలడం ఎక్కువసేపు, కాస్త బద్ధకంగా. ఆ పక్కకి అలిసిపోతే తప్పేం లేదు, మిగతాది రేపు.

మూడో పక్కలో ‘ప్రావిడెన్స్’ రాగానే ఇయర్‌ఫోన్ పాడైందని వైరు కదపొద్దు. ఆ బరబర వేడెక్కిన ఆంప్లిఫయర్‌ది. వెనకాల పియానో, మధ్యలో వేరే బ్యాండ్ బేస్ వాద్యకారుడు, వీళ్ల స్నేహితుడు మైక్ వాట్ ఫోన్ ఆన్సరింగ్ మెషీన్‌లో వదిలిన మాటలు. మూడు నిమిషాల లోపే అయిపోతుంది, డ్రమ్స్ లేవు, అందుకే ఇక్కడ పట్టుకోడానికి ఏం లేనట్టుంటుంది. తర్వాత వచ్చే ‘క్యాండిల్’ మొదట్లో గిటార్లు ఎంత తేటగా ఉంటాయంటే, ఇంతవరకూ విన్న గోల వీళ్ల చేతకానితనం కాదని నీకే అర్థమవుతుంది. ఆల్బమ్ అట్టమీద వెలుగుతున్న కొవ్వొత్తి జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ గీసిన బొమ్మ. చివరి ‘ట్రిలజీ’ మూడు ముక్కలు, 14 నిమిషాలు. నడిమి ముక్క ‘హైపర్‌స్టేషన్’లోనే ఆల్బమ్ పేరు వినిపిస్తుంది.

రికార్డింగ్ న్యూయార్క్ గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలో, అక్కడ ఎక్కువగా హిప్‌హాప్ చేసిన రికార్డింగ్ ఇంజనీర్ నిక్ సన్సానో చేతుల్లో జరిగింది. డ్రమ్స్ మునిగిపోకుండా గట్టిగా నిలబడ్డాయంటే ఆ చెవి పుణ్యం కొంత ఉందనిపిస్తుంది నాకు. ఈ గోలని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2005 జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చి భద్రపరిచింది కూడా. ఇంట్లో ఎవరైనా ఇదేం సంగీతమే అంటే ఈ ముక్క చెప్పు.

మొదటిసారికి నచ్చకపోవచ్చు, నచ్చినట్టు నటించకు. రెండు మూడు రోజులు వదిలేసి మొదటి పక్క ఒక్కటే మళ్లీ విను. ముందు గోలగా తోచినచోట ఈసారి ఏ గిటార్ ఎక్కడ తిరిగిందో పోల్చుకుంటే ముందుకెళ్లు. అప్పటికీ ఒట్టి చిరాకే మిగిలితే ఇది నీది కాదనుకో, బలవంతం లేదు. పాటలు నచ్చి గోల నచ్చకపోతే వాళ్లదే 1990 నాటి ‘గూ’ చూడు. గోలే నచ్చి పాటలు మెత్తగా అనిపిస్తే బిగ్ బ్లాక్ ‘అటామైజర్’, 1986ది. అందులో డ్రమ్మర్ మనిషి కాదు, డ్రమ్ మెషీన్, గిటార్లు రేకుని గీసినట్టుంటాయి. బేస్, డ్రమ్స్ గుద్దులు నచ్చితే జీసస్ లిజార్డ్ ‘గోట్’, 1991. ఇదంతా ఎక్కణ్ణించి పుట్టిందో చూడాలనిపిస్తే వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1968 ఆల్బమ్ ‘వైట్ లైట్ వైట్ హీట్’, దాని చివరి పాటే 17 నిమిషాలు. ఒక్కోదానికీ మధ్య వారం ఖాళీ ఉంచు, లేకపోతే అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

ఆదివారం పొద్దున్న ఫ్లోర్ ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు కూర్చో. ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టడం మర్చిపోకు, ‘క్యాండిల్’ మధ్యలో అమ్మ ఫోన్ వస్తే మూడో పక్క మళ్లీ మొదట్నుంచి వినాలి.

ఆశీస్సులతో,
మావయ్య