చెప్పిందెవరో తెలిస్తే మన అభిప్రాయం మారుతుందా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా, ‘ఇక్కడ ప్రెసిడెంట్ ఒక మాటన్నాడంటే ఆయన పార్టీవాళ్లంతా అటే తిరిగిపోతారు’ అంటాడు. ఇది నిజమో కాదో ప్రయోగం చేసి తేల్చవచ్చా? ప్రయోగమంటే ల్యాబ్‌లో చేసేది కదా?
– డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: తేల్చవచ్చమ్మా, ల్యాబ్ అక్కర్లేదు. మీ వైపు వంశధార కాలువ కింద రైతు కొత్త ఎరువు పనిచేస్తుందో లేదో చూడాలంటే ఒకే మడిలో సగానికి వేసి సగం వదిలేస్తాడు, నీరూ విత్తనమూ రెండిటికీ ఒకటే. ఇదీ అంతే.

ఊరికే చూసి చెప్పేస్తే ఏమవుతుందంటే, 1933లో అమెరికా జనం భయపడి డబ్బు తీసేసుకోవడంతో బ్యాంకులు మూతపడ్డాయి, మార్చి 12 రాత్రి అప్పటి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ రేడియోలో బ్యాంకుల గురించి మాట్లాడారు, మర్నాడు బ్యాంకులు తెరిస్తే జనం డబ్బు తిరిగి వేయడానికి వరస కట్టారు. అది మాట బలమేనా? మూడు రోజుల ముందే బ్యాంకుల చట్టం వచ్చింది, గట్టిగా ఉన్నవాటినే తెరవనిచ్చారు. దేని వాటా ఎంతో ఎలా విడదీస్తాం? పైగా నాయకుడి ప్రసంగం శ్రద్ధగా వినేవాళ్లలో చాలామంది ముందే ఆయన మనుషులు.

నాకు బాగా నచ్చింది అమెరికా రాజనీతి పరిశోధకులు మైఖేల్ బార్బర్, జెరెమీ పోప్ 2017లో ఒక సర్వేలో చేసిన ప్రయోగం. కనీస వేతనం లాంటి విషయాల మీద ట్రంప్ ఒకప్పుడు ఒకలా, ఇంకోసారి ఇంకోలా మాట్లాడారు కాబట్టి వాళ్లు అబద్ధమాడే పని లేకపోయింది. లాటరీ తీసినట్టు కొందరికి ‘పెంచాలని ట్రంప్ అన్నారు’ అని, కొందరికి ‘వద్దన్నారు’ అని చెప్పారు, మిగిలినవాళ్లకి ఆయన పేరే ఎత్తలేదు. ఆయన పార్టీవాళ్లయిన రిపబ్లికన్లలో చాలామంది ఆయన ఎటంటే అటే మొగ్గారు. రాజకీయాలు పెద్దగా తెలియనివాళ్లు, పార్టీ అంటే ప్రాణమిచ్చేవాళ్లు మరీనూ. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది, ఎందుకంటే అక్కడ విషయం అదే, మారింది ఆయన ఏమన్నారన్నది ఒక్కటే.

అయితే మీ అన్నయ్య అన్నట్టు ‘అంతా’ తిరగరు. పైగా సర్వేలో వినిపించేది ఒక్క గొంతే, బయట ఎదుటి పార్టీ అదే సాయంత్రం టీవీలో జవాబిస్తుంది.

మీ కాలేజీలో మీరే చేసి చూడండి. ఒక నాయకుడు నిజంగా అన్న మాట ఒకటి తీసుకుని సగం చీటీల మీద ఆయన పేరుతో, సగం మీద పేరు లేకుండా రాసి, బాగా కలిపి పంచండి, ఎవరికి ఏది ఇవ్వాలో మీరు ఎంచుకోకూడదు. పది మందితో ఏమీ తేలదు, వంద మందైనా ఉండాలి. అయిపోయాక ఆ మాట ఎవరిదో అందరికీ చెప్పేయండి.