పేరు తెలియని అక్వేరియం మొక్కను గుర్తుపట్టాలంటే కణుపు చూడండి

లేబుల్ లేని మొక్కలు మూడు రకాలు తెచ్చుకున్నానని, యాప్‌లో ఫొటో పెడితే ప్రతిసారీ వేరే పేరు వస్తోందని రాశారు. ఒకటి సన్నగా చీలిన ఆకులది, రెండోది పొడవాటి పట్టీ ఆకులది. మూడోది గుండ్రని ఆకులతో వచ్చి, ఇప్పుడు పైన సన్నటి ఎర్రని ఆకులు వేస్తోంది. దాంట్లో రెండు మొక్కలు కలిసిపోయాయేమోనని మీ అనుమానం. చాలా ఏళ్లుగా మొక్కల ట్యాంకులు పెంచుతున్నాను కాబట్టి నేను ఎలా చూస్తానో అదే చెబుతాను.

మూడో మొక్కతో మొదలుపెడతాను, ఎక్కువమందిని తికమక పెట్టేది అదే. కొత్త ఆకులు పాత కాండం కొస నుంచే వస్తుంటే అది ఒక్క మొక్కే. నర్సరీల్లో చాలా అక్వేరియం మొక్కలను నీళ్లలో ముంచి పెంచరు. వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీళ్లలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, అందుకే గాలిలో మొక్క త్వరగా పెరుగుతుంది. పాచి పట్టదు, నత్తలు చేరవు. అలా పెరిగిన ఆకుకు మైనపు పొర, పత్రరంధ్రాలు ఉంటాయి. నీళ్లలో మునిగాక అదే మొక్క బాగా పలచని ఆకులు వేస్తుంది. ఒక్కోసారి ఆకారం, రంగు అన్నీ మారిపోతాయి. పాత ఆకులు మెత్తబడి రాలిపోతుంటే చాలామంది మొక్క చచ్చిపోతోందని టెన్షన్ పడి పీకేస్తారు. కొస పచ్చగా ఉన్నంతకాలం దాన్ని కదపకండి.

మీరు చెప్పిన దాన్నిబట్టి అది రొటాలా రొటండిఫోలియా అయ్యే అవకాశమే ఎక్కువ. గాలిలో దాని ఆకులు గుండ్రంగా ఉంటాయి, నీళ్లలో సన్నబడి, వెలుతురు బాగా ఉంటే ఎరుపు తిరుగుతాయి. చాలాకాలం దీన్ని రొటాలా ఇండికా అనే పేరుతో అమ్మారు, ఇప్పటికీ కొన్నిచోట్ల అదే పేరు కనిపిస్తుంది. నిజమైన ఇండికాకు పూలు ఆకు మొదట్లో ఒక్కొక్కటిగా పూస్తాయి, రొటండిఫోలియాకు కాండం కొసన గుత్తిగా పూస్తాయి. రొటాలా కాకపోతే తర్వాత చూడాల్సింది లుడ్విజియా రెపెన్స్. దాని ఆకులు ఇంకా వెడల్పుగా ఉంటాయి, ఆకుకు కాండానికి మధ్య చిన్న తొడిమ ఉంటుంది. రొటాలా ఆకు దాదాపు తొడిమ లేకుండా కాండానికే అతుక్కుంటుంది.

ఒక ఆకు గాలిలో పుట్టిందో నీళ్లలో పుట్టిందో తేలకపోతే కొమ్మను నీళ్లలోంచి పైకి ఎత్తి చూడండి. నీటి ఆకులున్న భాగం నిలబడలేక వాలిపోతుంది, గాలి ఆకులున్న భాగం గట్టిగా నిలుస్తుంది. పేరు పెట్టేముందు నేను ఎప్పుడూ ఈ పని చేస్తాను. ఎందుకంటే ఫొటోలతో పోల్చేటప్పుడు గాలి ఆకును గాలి ఆకుతో, నీటి ఆకును నీటి ఆకుతోనే పోల్చాలి. యాప్ తడబడేది కూడా ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. ఒకే మొక్కకు రెండు రూపాలుంటే రెండు పేర్లు చెబుతుంది.

అందుకే ఆకు ఆకారాన్ని, రంగును నేను ఆఖర్న చూస్తాను. ఎరువు, వెలుతురు మారితే రంగు మారుతుంది. కణుపు అలా మారదు. ఒక్కో కణుపు దగ్గర ఎన్ని ఆకులున్నాయి, ఎదురెదురుగా రెండా, ఒకటి విడిచి ఒకటా, చుట్టూ వలయంగానా, తొడిమ ఉందా లేదా అన్నది చూస్తే సగం పేర్లు అక్కడే కొట్టేయొచ్చు. ఒక మంచి ఉదాహరణ వాటర్ విస్టీరియా, వాటర్ స్ప్రైట్. నీళ్లలో రెండింటి ఆకులూ లోతుగా చీలి ఒకేలా కనిపిస్తాయి. విస్టీరియా, అంటే హైగ్రోఫిలా డిఫార్మిస్, కాండం మీద ఎదురెదురుగా ఆకులు వేస్తుంది. స్ప్రైట్ ఫెర్న్ జాతిది, ఆకులన్నీ అడుగున ఒకేచోట నుంచి లేస్తాయి, పెద్దాకుల మీద చిన్న పిల్ల మొక్కలు మొలుస్తాయి.

ఇప్పుడు మీ మొదటి మొక్క. సన్నగా చీలిన ఆకులు అనగానే నాలుగు పేర్లు గుర్తుకొస్తాయి: కబాంబా, లిమ్నోఫిలా, మిరియోఫిలమ్, సెరటోఫిలమ్. దూరం నుంచి చూస్తే నాలుగూ ఒకటే. ఒక కణుపు కత్తిరించి తెల్లటి పళ్లెంలో కాస్త నీళ్లు పోసి పరిచి, భూతద్దంతో చూడండి. ప్రతి ఆకుకూ స్పష్టమైన తొడిమ ఉండి, కణుపుకు రెండే ఆకులు ఎదురెదురుగా ఉంటే కబాంబా. తొడిమ లేకుండా చాలా ఆకులు చుట్టూ వలయంగా ఉంటే లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా, దీన్నే అంబూలియా అని కూడా అమ్ముతారు. మధ్య ఈనెకు రెండువైపులా సన్నని పోగులు వరసగా ఉంటే మిరియోఫిలమ్. ఆకు గరుగ్గా ఉండి, రెండేసిగా చీలుతూ, మొక్కకు అసలు వేళ్లే లేకపోతే సెరటోఫిలమ్, అంటే హార్న్‌వర్ట్. కబాంబాకీ లిమ్నోఫిలాకీ తేడా తెలియడం పెంపకానికీ ముఖ్యమే. లిమ్నోఫిలా మామూలు వెలుతురులో కూడా దూసుకుపోతుంది, కబాంబా అదే ట్యాంకులో కాండం కింద ఆకులు రాల్చుకుని బోసిగా మిగులుతుంది.

రెండోది వాలిస్నేరియా గానీ సాజిటేరియా గానీ అయ్యుంటుంది. రెండూ అడుగున పిలకలు వేసుకుంటూ పాకుతాయి. ఆకు కొసను వేళ్ల మధ్య పెట్టి మెల్లగా కిందికి పైకి రుద్దండి. సాధారణంగా వాలిస్నేరియా కొస అంచున సన్నని పళ్లు గరుగ్గా తగులుతాయి, సాజిటేరియా నున్నగా ఉంటుంది. పూలు వస్తే ఇక అనుమానమే ఉండదు. వాలిస్నేరియా ఆడపువ్వు పొడవాటి సన్నని కాడ మీద నీటి పైకి చేరుతుంది, సాజిటేరియా మూడు తెల్లని రేకుల పువ్వు పూస్తుంది.

మీ దగ్గర లేకపోయినా ఒక మాట చెప్పాలి. గట్టి ముదురాకుపచ్చ ఆకుల మొక్క ఏదైనా తెచ్చుకుంటే దాని అడుగుభాగం చూడండి. అల్లం కొమ్ములా అడ్డంగా సాగే కాండం కనిపిస్తే అది అనుబియాస్, బుసెఫలాండ్రా, జావా ఫెర్న్‌లలో ఒకటి కావచ్చు. ఆ కొమ్మును ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది, రాయికో కర్రకో కట్టాలి. జావా ఫెర్న్ ముదురు ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు కనిపిస్తే రోగమని భయపడొద్దు, అవి బీజాంశాల గుంపులు.

కొన్నిటి విషయంలో పేరులోని మొదటి మాట, అంటే ప్రజాతి (జీనస్) పేరు దగ్గరే ఆగిపోవడం మంచిది. క్రిప్టోకోరైన్ ఒకే రకం వెలుతురును బట్టి ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. కచ్చితంగా తేల్చాలంటే పువ్వు కావాలి, చాలా రకాల్లో ఆ పువ్వు మొక్కను గాలిలో పెంచితేనే సులువుగా వస్తుంది. నాచు రకాలు ఇంకా కష్టం, మైక్రోస్కోప్ కింద ఆకు కణాలు చూడాలి. జావా మాస్ అని మనం పిలిచేదాన్ని చాలాకాలం వెసిక్యులేరియా డూబియానా అనుకున్నారు, ఇప్పుడు దాన్ని టాక్సిఫిలమ్ బార్బియెరి అంటున్నారు. ఫొటో చూసి నాచు పేరు ఢంకా బజాయించి చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను.

అసలు నీటి మొక్కే కానివీ అక్వేరియం మొక్కలుగా అమ్ముడవుతున్నాయి. లక్కీ బాంబూ పేరుతో వచ్చే డ్రసీనా, మోండో గ్రాస్, ఊదారంగు హెమిగ్రాఫిస్, ఫిటోనియా, స్పాతిఫిలమ్ ఇవన్నీ పూర్తిగా ముంచితే నెమ్మదిగా కుళ్లిపోతాయి. ఆకుల మీద తెల్లచారలుండి, పట్టుకుంటే బిరుసుగా ఉండి, వారాలు గడిచినా కొత్త నీటి ఆకు వేయకపోతే అనుమానించండి. కొనేవాళ్లకు ఈ విషయం చెప్పకుండా అమ్మడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పేరు తేల్చుకోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది. హైడ్రిల్లా, లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా, హైగ్రోఫిలా పాలీస్పెర్మా అమెరికా ఫెడరల్ హానికర కలుపు మొక్కల జాబితాలో ఉన్నాయి. కబాంబా కరోలినియానాను యూరోపియన్ యూనియన్ 2016లో ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. ఎక్కడున్నా సరే, కత్తిరించిన ముక్కలను కాలువలో, చెరువులో పడేయకండి. ఒక్క కణుపు నుంచే ఇవి మళ్లీ లేస్తాయి. ఎండబెట్టి చెత్తలో వేయండి.

ఇంకా అనుమానం ఉంటే ఈ ఫొటోలు కింద జోడించండి: మొక్క మొత్తం పక్క నుంచి, ఒక కణుపు దగ్గరగా, ఆకు అడుగు, వేళ్లు మొదలయ్యే చోటు. స్కేలు పక్కన పెట్టి, ట్యాంకు లైటులో కాకుండా పగటి వెలుతురులో తీయండి, ఊదా ఎరుపు లైట్ల కింద రంగులు నిజం చెప్పవు. మూడో మొక్క ఫొటో మాత్రం పాత ఆకులన్నీ పోయి కొత్తవి నాలుగైదు కణుపులు వేశాక తీయండి.